నాలుగో నంబరు చక్రం

మా నాన్న ఇరవై ఏళ్ళకు పైగా చక్రాలు చేశారు. బండి చక్రాలు కావు, బొమ్మ రైలు చక్రాలు. మా ఊరి పక్కనున్న సేదరపేట్‌లో అప్పట్లో ఒక ప్లాస్టిక్ బొమ్మల ఫ్యాక్టరీ ఉండేది. అక్కడ తయారైనవన్నీ అట్టపెట్టెల్లో సర్దుకుని ఓడెక్కి పరాయి దేశాలకు పోయేవి. ఒర్లియంపేటలో మా వీధి పిల్లలు మాత్రం మా ఇంట్లో అటక నిండా బొమ్మలున్నాయని, నేను పిసినారిదాన్ని కాబట్టి బయటికి తియ్యనని గట్టిగా నమ్మేవాళ్ళు. ఎంత చెప్పినా వినేవాళ్ళు కాదు. కొన్నాళ్ళకు నేనూ కాదనడం మానేశాను. ఉన్నాయనే అనుకోనీ, నాదేం పోయింది?

నిజానికి మా ఇంట్లో ఒక్క చక్రం కూడా లేదు. ఆ ఫ్యాక్టరీ గేటు దాటి ఏదీ బయటికి రాకూడదు. పనివాళ్ళు ఇంటికి పోయేటప్పుడు క్యారియర్ గిన్నెలు కూడా మూత తీసి చూపించాలి. వంకరపోయినవి, సొట్టపడ్డవి, రంగు సరిగా కలవనివి అన్నీ ఒక తొట్టిలో పడేసి, తరవాత గ్రైండర్‌లో పోసి పలుకులు చేసి మళ్ళీ కరిగించేవాళ్ళు. పాడైన బొమ్మ కూడా వాళ్ళకు పారేసే వస్తువు కాదు, ముడిసరుకు. ఈ సంగతి నాన్న మాకు ఒకటికి పదిసార్లు చెప్పారు, మేం అడుగుతామని ముందే తెలిసినట్టు.

నేను అడిగాను. అడక్కుండా ఊరుకునే పిల్లని కాను. అంతా ఆ క్యాలెండర్ వల్ల వచ్చింది. ఒక ఏడాది ఫ్యాక్టరీ వాళ్ళు పనివాళ్ళందరికీ తలా ఒక క్యాలెండర్ ఇచ్చారు. గేటు దాటనిచ్చిన వస్తువు అదొక్కటే. దాని మీద రైలు ఫోటో ఉంది. ఎర్ర ఇంజన్, పసుపుపచ్చ పొగగొట్టం, వెనక మూడు నీలం పెట్టెలు, ఇంజన్ పక్కన చిన్న తాళంచెవి. చెవి తిప్పి వదిలితే దానంతట అదే పోతుందన్నమాట. అమ్మ ఆ క్యాలెండర్‌ని వంటింటి గోడకు తగిలించింది. ఏడాది పొడుగునా నేను ఆ రైలును చూస్తూనే అన్నం తిన్నాను.

“నాయినా, ఆ రైలు ఎట్ల పోతాది? శబ్దం వస్తాదా?” అని అడిగాను ఒకరోజు.

“నాకు తెలీదు పాపా.”

“నువ్వే కదా చేసేది?”

“నేను చక్రాలు మాత్రం చేస్తా. బిగించేది వేరే షెడ్డు. అది పోయేది నేను యాడ చూసినా?”

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇన్నేళ్ళుగా చక్రాలు చేస్తున్న మనిషి ఆ చక్రాలు తిరగడం చూడలేదంటే అది నన్ను ఊరుకోబెట్టడానికి చెప్పే మాటే అనుకున్నాను. ఆ తరవాత నెమ్మదిగా తెలిసింది, అది అక్షరాలా నిజమని. మెషిన్ ఒక్కసారి తెరుచుకుంటే ఎనిమిది నల్ల చక్రాలు పడతాయి. వాటి అంచుల్ని బొటనవేలి గోటితో తడిమి, ఎక్కడైనా ప్లాస్టిక్ పొర నిలిచిపోతే బ్లేడుతో గీసి, బుట్టలో వెయ్యాలి. బుట్ట నిండితే ఎవరో వచ్చి పట్టుకుపోతారు. అంతటితో ఆయన పని అయిపోతుంది.

నా పట్టుదల చూసి మా మామ బీచ్ దగ్గర ఒక ఆకుపచ్చ కారు కొని తెచ్చాడు. మంచి కారే. నేను దాన్ని ఎదురింటి చంటిబిడ్డకు ఇచ్చేసి వచ్చాను. నాకు కావలసింది కారు కాదు కదా. “ఇదుక్కు అడం జాస్తి” అని అమ్మ తమిళంలో తిట్టింది. మా ఇంట్లో బుజ్జగింపులు తెలుగులోనూ తిట్లు తమిళంలోనూ నడిచేవి. మొండితనానికి ఆ ‘అడం’ అంత బాగా సరిపోయే మాట తెలుగులో నాకు ఇప్పటికీ దొరకలేదు. ఏడాది అయిపోయాక అమ్మ ఆ క్యాలెండర్ చించి నా పుస్తకాలకు అట్టలు వేస్తానంటే, నేను దాన్ని చుట్టి నా పరుపు కింద దాచుకున్నాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆయుధ పూజకు నాన్న మమ్మల్ని ఫ్యాక్టరీకి తీసుకెళ్ళారు. ఏడాదికి ఆ ఒక్కరోజు ఇంటివాళ్ళను లోపలికి రానిచ్చేవాళ్ళు. మెషిన్లన్నీ ఆపేసి, కడిగి, గంధం బొట్లు పెట్టి, పూలదండలు వేశారు. నాన్న తన మెషిన్ దగ్గర నిలబడి, పెళ్ళికూతురిని చూపించినట్టు దాన్ని మాకు చూపించారు. దేవుడి పటం ముందు అరటిపళ్ళ పక్కన ఒక రైలు పెట్టారు. నిజం రైలు. క్యాలెండర్‌లో ఉన్నదే. కానీ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, చెవి తిప్పలేదు. పూజ అయ్యాక దాని మీద కుంకుమ పడి ఉంది. అంతే, మళ్ళీ అట్టపెట్టెలోకి పోయింది.

పిల్లలందరికీ బొరుగులు, శనగలు, బెల్లం కలిపి కాగితం సంచుల్లో పోసి ఇచ్చారు. నేను ఆ సంచి పట్టుకుని షెడ్డంతా తిరుగుతూ గ్రైండర్ దగ్గరికి పోయాను. పక్కన తొట్టి ఉంది. తొట్టి నిండా చెయ్యి విరిగినవి, కన్ను లేనివి, మూతి వంకరపోయినవి. వాటి మధ్యలో ఒక ఎర్ర ఇంజన్. పొగగొట్టం సొట్టపోయింది, చెవి తిరగడం లేదు. చక్రాలు మాత్రం ఉన్నాయి. ఎలాగూ పలుకులైపోయేదే కదా, నేను తీసుకుంటే దొంగతనం ఎట్లా అవుతుందని నాలో నేను చాలా చక్కగా వాదించుకున్నాను. సంచిలో బొరుగుల అడుగున దాన్ని దాచేశాను.

పండగ రోజని గేటు దగ్గర వాచ్‌మన్ పిల్లల సంచులు చూడలేదు. నా బుగ్గ గిల్లి పంపించాడు. బస్సులో సంచిని రెండు చేతులతో పొదివి పట్టుకుని కూర్చున్నాను. అమ్మ అడిగితే గుప్పెడు కూడా పెట్టలేదు. “ఏంది ఇంత ఆశ?” అని నాన్న నవ్వుతూ నా సంచిలో చెయ్యి పెట్టారు.

ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆయన తొంగి చూడలేదు. చూడాల్సిన పనీ లేదు, చక్రం అంచు వేలికి తగలగానే తెలిసిపోయింది. గుప్పెడు బొరుగులు తీసుకుని నోట్లో వేసుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ నమిలారు.

ఇంటికొచ్చాక ఇంజన్ తీసి బీరువా మీద పెట్టారు. “రేపు సెలవు. ఎల్లుండి పొద్దున తీసుకపోయి తొట్టిలో వేస్తా. అందాక ముట్టొద్దు” అన్నారు. మరుసటి రోజంతా అది మా ఇంట్లోనే ఉంది. నేను కింద నిలబడి తల పైకెత్తి చూస్తూ గడిపాను. స్టూలు వేసుకుంటే అందేదే. వేసుకోలేదు. నా జన్మలో నేను ఒకరి మాట విన్నది ఆ రోజే కావచ్చు.

ఆ మర్నాడు పొద్దున నాన్న దాన్ని క్యారియర్ సంచిలో పెట్టుకుని పోయారు. ఆయనకు తట్టని సంగతి ఒకటుంది. ఆ గేటు దగ్గర బయటికి పోయేవాళ్ళను ఎప్పుడూ తనిఖీ చేస్తారు, లోపలికి వచ్చేవాళ్ళను చెయ్యరు. ఆ రోజు మాత్రం పండగ సెలవు తరవాత మొదటి రోజని లోపలికి వచ్చేవాళ్ళ సంచులూ చూశారు. దొంగిలించిన వస్తువును తిరిగి తీసుకొస్తూ దొరికిపోయిన మొదటి మనిషి మా నాన్నే అయ్యుంటారు. ఇది బయటికి ఎట్లా పోయిందని అడిగారు. నేనే తీసుకుపోయినా అని నాన్న చెప్పారు.

ఈ సంగతి మాకు ఆయన చెప్పలేదు. అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ చేసే ఎదురింటి అత్త సాయంత్రం వచ్చి, గుమ్మంలోనే నిలబడి అమ్మకు చెప్పింది. “అన్నను మెషిన్ మీద నుంచి తీసేసినారు వదినా. బస్తాలు మోయమన్నారు. అందరి ముందరే చెప్పినారు” అంది. నేను లోపల తలుపు వెనక నిలబడి విన్నాను. నాకు సిగ్గేసింది. నా మీద నాకే చెప్పలేనంత కోపం వచ్చింది. ఎదురింటి అత్త వెళ్ళిపోయేదాకా కూడా ఆగలేక ఏడ్చేశాను.

నాన్న రాగానే ఎదురు వెళ్ళి, “నేను వచ్చి చెప్తా నాయినా, నేనే ఎత్తుకున్నానని” అన్నాను.

“చెప్పి? తొమ్మిదేండ్ల పిల్ల దొంగ అని రాసుకోవాలనా? పో, కాళ్ళు కడుక్కోని రా, అన్నం తిందాం.”

“మరి నీ మెషిను?”

“యాడికి పోతాది? ఆడనే ఉంటాది” అన్నారు. ఆయన భుజం మీద చొక్కాకు బస్తా దుమ్ము తెల్లగా అంటుకుని ఉంది.

ఎండాకాలం దాకా ఆయన బస్తాలు మోశారు. ఆ తరవాత మళ్ళీ మెషిన్ ఇచ్చారు, చక్రాలు బాగా రావడం లేదని. ఆ నెలల్లోనే నేనొక నిర్ణయం తీసుకున్నాను. ఆ రైలు ఒకటి న్యాయంగా కొని ఇంటికి తేవాలి. ముందు నేను తనివితీరా ఆడుకోవాలి, తరవాత నాన్న చేతిలో పెట్టి నువ్వు చేసిన చక్రాలు ఎట్లా తిరుగుతాయో చూడమనాలి. ఈ వరస కూడా అప్పుడే ఖాయం చేసుకున్నాను.

ఊళ్ళో ఏ కొట్టులోనూ అది లేదు. ఓడెక్కిపోయే సరుకు ఇక్కడెందుకు దొరుకుతుంది? కానీ ఆదివారం సంతలో పాత సామాన్లు అమ్ముతారు, మా ఊరి నుంచి ఫ్రాన్స్ పోయి స్థిరపడ్డవాళ్ళ ఇళ్ళల్లోంచి వచ్చినవి కూడా ఉంటాయి. అందుకని ఆదివారం ఆదివారం అమ్మ కొంగు పట్టుకుని ఆ సంత వీధంతా తిరిగేదాన్ని. పెద్దయ్యాక ఒక్కదాన్నే తిరిగాను. పెళ్ళయ్యాక మా ఆయన్ని వెంటబెట్టుకుని తిరిగాను. పాపం ఆయన మొదట్లో చీరల కోసం అనుకున్నాడు.

మధ్యలో ఫ్యాక్టరీ మూతపడింది. నాన్న రిటైరై నా దగ్గరే ఉంటున్నారు. నేను కాలాపేటలో ఒక ఆఫీసులో పనిచేస్తాను. అక్కడ యానాం నుంచి వచ్చిన ఒకావిడ, ఇంట్లో పుట్టినప్పటి నుంచి తెలుగు మాట్లాడుతూ ఒక్క అక్షరం చదవడం రాదా అని నన్ను నిలదీసి, మధ్యాహ్నం భోజనాల వేళ అ ఆలు దిద్దించింది. అప్పటికి నాకు నలభై దాటాయి. పట్టుబట్టి నేర్చుకున్నాను. నాన్నకు తెలుగు చదవడం రాదు, అందుకే ఇదంతా ఇంత ధైర్యంగా రాస్తున్నాను. ఆవిడే నా రైలు కథ విని ఫోన్‌లో వెతికి, ఇలాంటివి బోలెడున్నాయి, ఆర్డర్ పెట్టమంటావా అంది. ఇలాంటివి నాకు వద్దు, అదే కావాలి అన్నాను. “మొండి మనిషివి బాబూ” అని ఆవిడ తెలుగులో తిట్టింది.

పోయినేడు వానాకాలం ముందు ఒక ఆదివారం అది దొరికింది. ఒక ముసలాయన పాత పళ్ళేలు, ఫోటో ఫ్రేములు, గోడ గడియారాలు గోనెపట్టా మీద పరుచుకుని కూర్చున్నాడు. వాటి మధ్యలో ఎర్ర ఇంజన్. పొగగొట్టం రంగు వెలిసింది, పెట్టెల్లో ఒక్కటే మిగిలింది. పరుపు కింద దాచిన క్యాలెండర్‌ని ఎప్పుడో ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకున్నాను, ఆ ఫోటో తీసి పక్కన పెట్టి చూశాను. అదే. బేరం కూడా ఆడలేదు. జన్మలో మొదటిసారి నేను బేరం ఆడకపోవడం చూసి మా ఆయన ఆశ్చర్యపోయాడు.

ఇంటికొచ్చేసరికి నాన్న వాకిట్లో కుర్చీలో ఉన్నారు. నేను ముందే అనుకున్న వరస ప్రకారం మొదట లోపలికి తీసుకుపోయి నేను ఆడుకోవాలి. కానీ ఆయన ముఖం చూడగానే ఆ వరస తప్పింది. నేరుగా తీసుకెళ్ళి ఆయన చేతుల్లో పెట్టాను.

ఆయన రైలును చూడలేదు. తిరగేసి చక్రాలు చూశారు. బొటనవేలి గోరు అంచు చుట్టూ పోనిచ్చారు. కళ్ళజోడు తెమ్మని, పెట్టుకుని, చక్రం లోపలి వైపు పట్టి పట్టి చూశారు. అక్కడ ఆవగింజంత అంకె ఉంది.

“నాలుగో నంబరు” అన్నారు. “అచ్చులో ఎనిమిది గుంతలు ఉంటాయి, గుంతకొక నంబరు. ఈ నాలుగో దానికి ఎప్పుడూ పొర నిలిచేది. నేనే గీసినా. చూడు, ఈడ గీత ఉండాది.”

“చెవి తిప్పు నాయినా.”

తిప్పారు. తిరిగింది. కుర్చీలోంచి మెల్లగా లేచి, గోడ పట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని నేల మీద వదిలారు. గరగరమని వాకిలి అంతా పోయి, గడపకు కొట్టుకుని, అక్కడే నిలబడి చక్రాలు తిప్పుకుంటూ ఉండిపోయింది. నాన్న దాన్నే చూస్తున్నారు. “పోతాండాది” అన్నారు, నాతో కాదు. ఆయన కళ్ళు తడిశాయి. నావీ తడిశాయి.

కాసేపటికి నేను చెయ్యి చాపాను. “నాయినా, నాకు ఒకసారి ఇయ్యి.”

“ఉండు పాపా, ఇంకొకసారి” అన్నారు.

ఆ ఇంకొకసారి ఇంకా పూర్తి కాలేదు. రైలు ఆయన మంచం పక్క అలమరలో ఉంటుంది. పొద్దున ఒకసారి, కాఫీ తాగాక ఒకసారి వదులుతారు. నేను ఆఫీసు నుంచి వచ్చి అడిగితే, చెవి గట్టిగా తిప్పేస్తావు, స్ప్రింగు పోతుంది అంటారు. ఈ ఏడు ఆయుధ పూజకు దాన్ని తుడిచి, నాలుగో నంబరు చక్రానికి గంధం పెట్టి, ముందర బొరుగులు పోశారు. హారతి అయ్యాక నేను దోసిలి పట్టాను. దోసిలి నిండా బొరుగులు పోసి, ఇంజన్‌ను మళ్ళీ అలమరలో పెట్టుకున్నారు. నేను రేపు కూడా అడుగుతాను.