నీటికాకికి మూరెడు పైన

డిగ్రీ పాసై, ఉద్యోగం లేక ఇంట్లో ఉన్నవాడికి ఆ రోజుల్లో ఒక హోదా ఉండేది. వాణ్ణి ఎవరైనా ఎక్కడికైనా పంపవచ్చు. కరెంటు బిల్లు కట్టిరావడానికి, శుభలేఖలు పంచడానికి, ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చోవడానికి. ఆ హోదాలో నేను చేసిన చాకిరీ అంతటిలోకీ నన్ను బాగా అలసగొట్టింది మా పెద్దమావయ్య కోసం ఆకాశంలోకి మట్టి మూకుళ్ళు విసరడం. ఇప్పటికీ చలికాలంలో నా కుడి భుజం పట్టేస్తుంది. డాక్టరుగారు "చిన్నప్పుడు ఆటలేవైనా ఆడేవారాండీ?" అని అడిగితే ఏదో ఆడానండీ అంటాను.

మావయ్య అంటే మా అమ్మకు అన్నయ్య. ఇల్లు తాడేపల్లిగూడెంలో, చేపల చెరువులు కొల్లేట్లో. చెరువున్నవాడికి దొంగలకంటే నీటికాకులతోనే బాధ ఎక్కువ. పొద్దున్నే గుంపుగా దిగి, పెళ్ళి భోజనానికి వచ్చినట్టు తిని పోతాయి. వాటిని బెదరగొట్టడానికి మావయ్య లైసెన్సు తీసుకుని, ఓ పెద్దాయన వాడి వదిలేసిన డబుల్ బ్యారెల్ తుపాకీ కొన్నాడు. కొత్తది కొనే తాహతు లేదు, ఇది చవగ్గా వచ్చింది. కుడి గొట్టం నొక్కగానే పేలేది. ఎడమ గొట్టం దాని ఇష్టం. అయితే కొల్లేట్లో పిట్టను చంపితే జైలు. ఆపైన మా అత్తయ్య (ఏ ఆదివారమూ చర్చి మానని మనిషి) ప్రాణం తియ్యనని ఆయన చేత ప్రమాణం చేయించుకుంది. అందుకని మావయ్య ముందు "హోయ్" అని కేకేసి, పక్షికి సరిగ్గా మూరెడు పైన కాల్చేవాడు. అవి లేచి, ఒక చుట్టు తిరిగి, పక్క చెరువులో దిగేవి. అన్నేళ్ళలో ఒక్క ఈక రాలలేదు. కాపలావాళ్ళు ఆయన గురి గురించి గొప్పగా చెప్పుకునేవారు.

రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకి సరస్సును ఆక్రమించారంటూ గవర్నమెంటు వాళ్ళు కొల్లేట్లో చెరువుల గట్లు తెగ్గొట్టారు. మావయ్య చెరువులు సరస్సులో కలిసిపోయాయి. మిగిలింది తుపాకీ ఒక్కటే. ఆ ఏడే దాని లైసెన్సు రెన్యువల్‌కి వచ్చింది. చెరువులే లేనప్పుడు తుపాకీ ఎందుకండీ అని ఆఫీసరు మర్యాదగానే అడిగాడట. మావయ్య నోటికి ఏది వస్తే అది, "ఆటకండీ" అనేశాడట. అయితే మట్టి బిళ్ళల పోటీలో పాల్గొని, నాలుగు బిళ్ళలైనా పగలగొట్టినట్టు కాగితం తెమ్మన్నాడు ఆఫీసరు. తేకపోతే తుపాకీ స్టేషన్లో అప్పజెప్పాల్సిందే.

ఆ సాయంత్రం మావయ్య అత్తయ్య ఇచ్చిన కాఫీ ముట్టుకోలేదు. "చెరువులు పోయాయి, సరే. ఇది కూడా పట్టుకుపోతే ఇంక నేనేంటిరా?" అని నన్నడిగాడు. నేనేంటో నాకే తెలియని రోజులవి.

పెదవేగి దగ్గర ఒక పామాయిల్ తోటలో తుపాకుల సరదా ఉన్నవాళ్ళు కొందరు పోటీ పెడుతున్నారని తెలిసింది. యంత్రం బిళ్ళను గాల్లోకి విసురుతుంది, అది ఎగురుతుండగా పేల్చాలి. ఆ బిళ్ళలు ఎక్కణ్ణించో తెప్పించాలి, ఖరీదు కూడా. అందుకని పెంటపాడులో కుమ్మరి దగ్గరికి వెళ్ళి చిన్న మూకుళ్ళు కావాలన్నాం. ఏ శుభకార్యానికండీ అని ఆయన సంతోషంగా అడిగాడు. పగలగొట్టడానికని మావయ్య ఉన్నమాట చెప్పేశాడు. మూకుళ్ళు ఇచ్చేటప్పుడు ఆయన మా మొహం చూడలేదు.

ఉంగుటూరు వైపు కోతలైపోయిన చేలో సాధన మొదలైంది. నేను గట్టు చాటున కూర్చుని విసరాలి, మావయ్య పేల్చాలి. యంత్రం స్థానంలో నేనన్నమాట. నేను విసిరేవాణ్ణి, ఆయన "హోయ్" అని పేల్చేవాడు, మూకుడు నిక్షేపంలా వెళ్ళి మెత్తటి మట్టిలో పడేది. వెళ్ళి తెచ్చేవాణ్ణి. మళ్ళీ అదే విసిరేవాణ్ణి. రోజుల తరబడి ఒక్కటీ పగల్లేదు. ఖర్చు కలిసొస్తోందని అత్తయ్య ఒక్కతే ఆనందించింది. ఎండకి నా మెడ కమిలిపోయింది, చెయ్యి పైకి లేవడం మానేసింది. అన్నం ఎడంచేత్తో తింటున్నానని మా నానమ్మ రోజూ తిట్టేది.

పోటీ దగ్గరపడ్డాక ఒక సాయంత్రం ఇద్దరం గట్టు మీద చతికిలబడ్డాం. నాకు విసుగు ముంచుకొచ్చింది.

"మీరు దాన్ని కొట్టట్లేదు మావయ్యా. బెదిరిస్తున్నారండీ" అన్నాను.

ఆయన తుపాకీని ఒళ్ళో పెట్టుకున్నాడు. "చెయ్యి అలా అలవాటు పడిపోయిందిరా. కిందకి రమ్మంటే రాదు" అన్నాడు.

తెలివితేటలతో కాదు, ఇంటికెళ్ళి పడుకోవాలన్న కోరికతో అన్నాను నేను: "అయితే మూకుడు సంగతి వదిలెయ్యండి. దానికి మూరెడు కింద నీటికాకి పోతోందనుకోండి. దాన్ని బెదరగొట్టండి."

విసిరాను. "హోయ్" అన్నాడు. మూకుడు పొడుం పొడుం అయిపోయింది. ఆ పొడి నా నెత్తి మీద రాలుతుంటే మావయ్య చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

పోటీ రోజున ఏలూరు బస్సెక్కాం. అత్తయ్య పాత కర్టెన్‌తో కుట్టిన సంచీలో తుపాకీని చూసి కండక్టరు వీణా అండీ అని అడిగాడు. మావయ్య హుందాగా తలూపాడు. తోటలో చూస్తే అందరూ నల్ల కళ్ళద్దాలు, తళతళలాడే తుపాకులు. అక్కడ పద్ధతి వేరు. కాల్చేవాడు "పుల్" అంటేనే బిళ్ళ వదులుతారు. మావయ్య "హోయ్" అన్నాడు. ఏదీ రాలేదు. నిర్వాహకుడు వచ్చి, ఏవండీ, పుల్ అనాలండీ అని నెమ్మదిగా చెప్పి వెళ్ళాడు. మావయ్య "పుల్" అన్నాడు. బిళ్ళ వచ్చింది, ఆయన చేతికి మాత్రం నీటికాకి కనపడలేదు. మొదటి వరస బిళ్ళలన్నీ అలాగే పోయాయి. అప్పుడాయన వెనక్కి తిరిగి నాకేసి చూసిన చూపు చూసి నాకు ఏడుపొచ్చింది.

యంత్రం దగ్గర కుర్చీలో ఉన్న మనిషి కాళ్ళా వేళ్ళా పడ్డాను. ఆయన హోయ్ అంటే వదలండి, ఇది మాకు ఆట కాదండీ అన్నాను. అతను నవ్వి సరేనన్నాడు. "హోయ్" అన్నాడు మావయ్య. బిళ్ళ పగిలింది. మళ్ళీ అన్నాడు. మళ్ళీ పగిలింది. ఎడమ గొట్టం కూడా ఎందుకో ఆ పూట మనసు మార్చుకుంది. నల్ల కళ్ళద్దాల వాళ్ళంతా నవ్వుకుంటూ తామూ హోయ్ అని వంత పాడారు. సరిగ్గా నాలుగు బిళ్ళలతో మావయ్యకు చిట్టచివరి స్థానం వచ్చింది, కాగితం కూడా వచ్చింది. కిటుకు ఏమిటండీ అని ఎవరో అడిగితే, "నేను బిళ్ళని చూడనండీ" అన్నాడు సిగ్గుపడుతూ.

లైసెన్సు రెన్యువలైంది. కొన్నాళ్ళకి ఎన్నికలొచ్చి, తుపాకులన్నీ రూలు ప్రకారం స్టేషన్లో పెట్టమన్నారు. ఎన్నికలయ్యాక అందరూ తెచ్చుకున్నారు, మావయ్య వెళ్ళలేదు. నాకప్పటికి ఏలూరులో ఉద్యోగం దొరికింది. అత్తయ్య ఫోన్ చేసి, మీ మావయ్యని కాస్త అడుగు నాయనా అంది. ఆదివారం ఆయన్ని బండి మీద కొల్లేటి గట్టుకి తీసుకెళ్ళాను. ఒకప్పుడు మా చెరువు ఉన్నచోట నీటికాకులు తీరిగ్గా తింటున్నాయి.

"రేపు వెళ్ళి తెచ్చుకుందామా అండీ?" అన్నాను.

"ఎందుకురా?" అన్నాడు మావయ్య. "అవి తినేవి మన చేపలు కావుగా."

ఇంత కష్టం ఎందుకు పడ్డామండీ అని అడుగుదామనుకున్నాను. ఇంతలో ఏదో లారీ హారన్‌కి గుంపంతా లేచింది. మావయ్య ఖాళీ చేతులు వాటంతటవే లేచి, పక్షులకి మూరెడు పైన ఆగాయి. "హోయ్" అని నేనే అరిచాను.

ఇప్పుడు నేనూ అప్పటి మావయ్య వయసుకి దగ్గరపడ్డాను. సాయంత్రం డాబా మీద పక్షులు పోతుంటే అప్రయత్నంగా చెయ్యెత్తుతాను. భుజం పట్టేసి సగంలోనే ఆగిపోతుంది. మూరెడు పైకి కాదుగదా, పిట్టగోడ దాకా కూడా లేవదు. నవ్వొస్తుంది. అయినా "హోయ్" అంటాను, ఎవరూ వినకుండా.