చెప్పులిప్పి చూసిన బెంగళూరు

మా రెడ్డెప్ప మామకు ఒక్కటే జబ్బు. గడప కనిపిస్తే చెప్పులు విప్పేస్తాడు. గుడి ముందర అందరూ విప్పుతారు. మామ పోస్టాఫీసు ముందర విప్పుతాడు, సినిమా హాలు ముందర విప్పుతాడు, మంగలి షాపు ముందర కూడా విప్పుతాడు. విప్పడం బాగా గుర్తుంటుంది, మళ్లీ తొడుక్కోవడమే గుర్తుండదు. ఒకసారి పుంగనూరు బస్టాండులో మదనపల్లె బస్సు మెట్టు కింద చెప్పులు జతగా పెట్టి, లోపలికెక్కి దర్జాగా కూర్చున్నాడు. బస్సు పోయింది. చెప్పులు బస్టాండులోనే ఉండిపోయాయి.

ఊళ్లో అందరూ వాన కోసం ఎదురుచూస్తుంటే, చెప్పులంగడి అబ్దుల్ గఫార్ మాత్రం మామ ప్రయాణాల కోసం ఎదురుచూసేవాడు. "ఏం రెడ్డెప్పా, మళ్లీ యాడికీ పోవడంలేదా?" అని ప్రేమగా విచారించేవాడు.

డెబ్బై తొమ్మిది ఆగస్టులో మామ బెంగళూరుకే బయల్దేరాడు. కారణం, మా వీధిలో పూలు కట్టి అమ్మే సిద్ధమ్మ. లాల్‌బాగ్ గాజుటింట్లో పూల ప్రదర్శన పెడతారని ఎవరో ఆమె చెవిన వేశారు. "మల్లెలు, కనకాంబరాలు తప్ప నేనేం పూలు సూసినా రెడ్డెప్పా! అవి ఒక్కతూరి సూస్తే సాలు" అని మామను పట్టుకుంది. మామతో పాటు ఆదిలక్ష్మమ్మ అత్త బయల్దేరింది. అక్కడ ఉర్దూ పనికొస్తుందని గఫార్ బయల్దేరాడు. కొత్తగా టీచరు ఉద్యోగమొచ్చి, మదనపల్లెలో బూట్లు కొనుక్కున్న నేను, ఆ బూట్లను బెంగళూరుకు చూపించడానికి బయల్దేరాను.

కుప్పంలో రైలు కదిలాక చూస్తే, మామ చెప్పులు ప్లాట్‌ఫారం మీద మమ్మల్ని సాగనంపుతున్నాయి. గఫార్ నిట్టూర్చి, తన పరుపుచుట్టలోంచి ఇంకో జత తీశాడు. అన్నీ ఆలోచించుకునే వచ్చాడు.

బెంగళూరులో దిగింది మొదలు అంతా అయోమయమే. ఒక సర్కిల్ నడుమ ఎవరిదో పెద్ద విగ్రహం కనిపించింది. మామ ఫుట్‌పాత్ అంచున చెప్పులు విప్పి, చేతులు జోడించుకుని రోడ్డు మధ్యకు నడిచేశాడు. బస్సులు ఆగాయి. పోలీసు విజిల్ ఊదుకుంటూ వచ్చి కన్నడంలో కేకలేశాడు.

"ఏమంటాండాడు?" అన్నాడు మామ.

"నీకు బుద్ధి ఉండాదా అంటాండాడు" అన్నాడు గఫార్.

"ఉండాదని సెప్పు."

అక్కడి నుంచి మ్యూజియం. మెట్ల కింద సిద్ధమ్మ ఆగిపోయింది. పైకి పోతున్నవాళ్ల బూట్లనూ, టకటకలాడే ఎత్తుమడమల చెప్పులనూ చూసింది. ఆమె పుట్టి బుద్ధెరిగాక చెప్పులు తొడిగిన మనిషి కాదు. చీర కుచ్చిళ్లను పాదాల మీదికి లాక్కుంది. "మీరు పోయిరాండప్పా. నేనీడనే కూసోని సంచులు సూసుకుంటా."

"ఎండకు అలిసినట్టుంది, కూర్చోనీ" అన్నాను నేను.

మామ ఉన్నట్టుండి కేకేశాడు. "లోపలంతా దేవుళ్ల ఇగ్రహాలంట! ఇప్పండప్పా, అందురూ ఇప్పండి!"

"ఇది గుడి కాదు మామా, మ్యూజియం!"

"ఇల్లు మారితే దేవుడు దేవుడు కాకుండా పోతాడేమిరా?"

"ఈయనకు బాగా ముదిరింది" అని అత్త తల కొట్టుకుంటూనే విప్పింది. మామ అందరి చెప్పులూ గోనెసంచిలో వేసి భుజానికి తగిలించుకున్నాడు. సిద్ధమ్మ పకపకా నవ్వి, మాకంటే ముందు మెట్లెక్కింది.

తర్వాత కబ్బన్ పార్కులోనూ మామ సంచి దించలేదు. నా అరికాళ్లు చుర్రుమన్నాయి. గఫార్ పరిస్థితి మరీ ఘోరం. చెప్పులు అమ్మేవాడు ఒట్టికాళ్లతో తిరగడం తెలిసినవాళ్లెవరైనా చూస్తే అంగడి పరువేం కావాలని, తల వంచుకుని నడిచాడు.

గాజుటింటి దగ్గరైనా నా బూట్లు ఇమ్మని బతిమాలాను.

"పూలు దేవుడికి పోయేటివిరా! వాటి ముందర బూట్లా?" అని మామ అరిచాడు. మా వెనక నిలబడిన కుటుంబం మా కాళ్లు చూసి, ఇక్కడ ఇదే పద్ధతి కాబోలని తమవి విప్పేసింది. వాళ్లను చూసి వాళ్ల వెనకవాళ్లు. కాసేపట్లో వాకిట్లో చెప్పుల కుప్ప. కాపలావాడు పరుగెత్తుకొచ్చి "యారు హేళిద్దు?" అని అరిచాడు. ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. అందరూ ముందువాళ్లను చూపించారు.

లోపల సిద్ధమ్మ మాత్రం ఈ లోకంలో లేదు. పళ్లెమంత డేలియా పువ్వు ముందర నోరు తెరుచుకుని నిలబడింది. "దీన్ని ఏ దారంతో కట్టేది రెడ్డెప్పా?" అంది. ఒక్కో పువ్వునూ చిన్నబిడ్డను పలకరించినట్టు పలకరించింది.

బయటపడ్డాక మామ భుజం మీద సంచి లేదు.

"సంచి యాడ?" అంది అత్త.

"యాడనో పెట్టినా."

లాల్‌బాగ్‌కు గేట్లు చాలా ఉన్నాయి. అన్నిటికీ తిరిగాం, వచ్చిన గేటుకే రెండుసార్లు వచ్చాం. రైలు వేళైంది. అందరం ఒట్టికాళ్లతో రైలెక్కి, దారి పొడుగునా మామను వంతులవారీగా తిట్టాం. మామ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. రాత్రి కుప్పంలో చుట్టాలింట్లో పడుకుని, పొద్దున్నే పుంగనూరులో బస్సు దిగాం.

సిద్ధమ్మ ముందు నడుస్తోంది. గఫార్ నన్నూ అత్తనూ వెనక్కి లాగి, తన పరుపుచుట్ట విప్పాడు. లోపల నా బూట్లు, అత్త చెప్పులు!

"లాల్‌బాగ్‌లోనే మీ మామ నా చేతికిచ్చి దాయమన్నాడు అబ్బీ. 'మనం తొడుక్కోని తిరిగితే ఆయమ్మ ఏ మెట్టూ ఎక్కదు గఫార్, సంచులు కాస్తా బయటనే కూసుంటాది. అందురూ నన్ను సూసి నగతా ఉంటే ఆమె కాళ్లు ఎవురూ సూడరు. ఊరు సేరేదాకా ఈయొద్దు' అన్నాడు."

"మరి ఆయన మతిమరుపు?" అన్నాను.

"అది నిజమే. నిన్న మ్యూజియం మెట్ల కాడి నుంచి మాత్రం లేదు."

అత్త చెప్పులు కొంగు కింద దాచుకుంది. నేను బూట్లు చంకలో పెట్టి తువ్వాలు కప్పాను. అందరం అలాగే ఒట్టికాళ్లతో నడిచాం.

వీధి మలుపులో సిద్ధమ్మ వెనక్కి తిరిగి, మా కాళ్లు చూసి జాలిపడింది.

"ఈ రెడ్డెప్పతో ఇంగెప్పుడూ యాడికీ పోవాకండమ్మా. నేనే నయం, పోగొట్టుకునేదానికి నాకేమీ లేదు!"

అందరికంటే గట్టిగా మామే నవ్వాడు.