జడ్జి మావయ్యగారి ఆయ్

నా చిన్నప్పుడు మా పక్కింటి మావయ్యగారు సెలవులకు ఊరొస్తే పొద్దస్తమానం మా అరుగు మీదే కూర్చునేవారు. అప్పుడాయన పై ఊళ్లో కొత్తగా జడ్జి అయ్యారు. తరవాత హైకోర్టుకు, అక్కణ్ణించి ఏదో దూర రాష్ట్రానికి గవర్నరుగా వెళ్లారు. మా మలికిపురం వైపు ఇప్పటికీ ఆయన్ని గవర్నరుగారనే అంటారు. నాకు మాత్రం ఆయన మా అరుగు మీది మనిషే.

ఒకరోజు మా నాయనమ్మ దిద్దుల్లో ఒకటి కనబడలేదు. తీసింది నేను. కొబ్బరి పీచుతో చేసుకున్న బొమ్మకు పెట్టి, ధాన్యం గాదె వెనక దాచాను. అనుమానం మాత్రం ఆ పొద్దున గది ఊడ్చిన పనిచేసే అక్క మీద పడింది.

"గదిలోకెళ్లేవా?" అని అడిగింది నాయనమ్మ.

"ఆయ్."

"దిద్దు నువ్వే తీసేవా?"

"ఆయ్."

ఒప్పేసుకుందని నాయనమ్మ మండిపడింది. రేపట్నించి పనిలోకి రావద్దంది. అక్క తల వంచుకుని దానికీ ఆయ్ అంది. పక్కనే ఉన్న నేను నాయనమ్మ చీర చాటుకు జరిగాను.

మావయ్యగారు పేపరు మడిచారు. "అత్తయ్యగారూ, ఆయ్ అంటే వింటున్నానండీ అని. అవునని కాదు. మా కోర్టులో పరాయి ఊరి గుమస్తా ఒకాయన, సాక్షులు ఆయ్ అంటే ఇలాగే అవునని రాసేసేవాడండి. కోపంలో మీరూ మర్చిపోయేరు" అన్నారు. అక్క వైపు తిరిగి, "ఆయ్ అనకుండా చెప్పమ్మా. తీసేవా, తియ్యలేదా?"

"తియ్యలేదండీ" అని అక్క బావురుమంది.

ఆ ఏడుపు విన్నాక ఆగలేక బొమ్మను తెచ్చిచ్చాను. నాయనమ్మ నా వీపు విమానం మోత మోగిస్తుంటే అడ్డమొచ్చింది ఆ అక్కే. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

గవర్నరైన కొత్తలో మావయ్యగారు ఫోను చేశారు. చుట్టూ తెలుగు మాట్లాడే మనిషే లేడట. పనసపొట్టు కూర గురించి, కాలవలో నీళ్ల గురించి అడిగి అడిగి చెప్పించుకున్నారు. "ఒక్కసారి వచ్చి వెళ్లండి మావయ్యగారూ. అరుగు మీద కుర్చీ వేసే ఉంచుతాను" అన్నాను.

"ఆయ్" అన్నారు.

నేను మురిసిపోయి వీధంతా చెప్పుకున్నాను. ఏళ్ల తరబడి రోజూ ఆ కుర్చీ తుడిచాను. ఆయన రాలేదు. అక్కడెక్కడో పోయారని కబురొచ్చిన నాడు గానీ నాకు తట్టలేదు, ఆయన వస్తానని ఎప్పుడూ అనలేదని.

ఇప్పుడు ఎవరు ఆయ్ అన్నా, అవునా కాదా అని మరోసారి అడుగుతాను. ఆయన్నొక్కరినే అడగలేదు.