కొబ్బరినూనె కాగితంతో చేసిన రేడియో

రాత్రిబడిలో చదివి పట్టా పుచ్చుకున్నవాణ్ణి. నా తెలుగు పేలవంగా ఉంటే పెద్దలు మన్నించాలి.

నిన్న మా అమ్మాయి చాక్లెట్ రేకు విప్పుతుంటే అక్క గుర్తుకొచ్చింది. సిగరెట్టు పెట్టెల్లోని వెండి కాగితం మన ఈడువారికి జ్ఞాపకముండే ఉంటుంది. రెండు వెండి కాగితాల మధ్య కొబ్బరినూనెలో తడిపిన కాగితం పెట్టి, బిగించి చుట్టి, అక్క కెపాసిటర్ చేసేది. మందుసీసాకు రాగితీగ చుట్టి కాయిల్ చేసింది. బ్యాటరీ లేని ఆ రేడియోకి ఇయర్‌ఫోన్ తగిలిస్తే వార్తలు సన్నగా వినిపించేవి.

ఆ రోజుల్లోనే తుఫాను పట్టిన ఒక మధ్యాహ్నం నాన్నగారు మండపేట మిల్లులో ఉన్నారు. అల్లవరంలో మా తాటాకుల పాక ఊగిపోతోంది. ఆయన వచ్చేదాకా గడప దాటనని అమ్మ మొండికేసింది. అక్క ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

"ఏమంటున్నారే?"

"పాకల్లో ఉన్నవాళ్లు బడికి వెళ్లిపోవాలంటున్నారమ్మా."

"మన ఊరి పేరు చెప్పేరా?"

"అల్లవరమనే చెప్పేరమ్మా."

రేడియో మాటంటే అమ్మకు గురి. వెంటనే లేచింది. మేము బడికి చేరిన కాసేపటికే పాక నేలమట్టమైంది.

బడి వరండాలో అక్క నా చెవిలో అంది: "వాన జల్లుకి కాగితం నానిపోయిందిరా. ఒక్క ముక్కా వినపడలేదు. అమ్మకి చెప్పకేం."

చెప్పలేదు. రేడియోలో ఎవరో మహానుభావుడు మమ్మల్ని బతికించాడని అమ్మ నేటికీ అందరికీ చెబుతుంది. ఆ మహానుభావురాలు పోయి రెండేళ్లయింది.

ఆనాడు బడిలో తలదాచుకున్న మిత్రులు ముందు ఇది చదవాలి. తరువాత అక్క పిల్లలకు పంపాలి. అమ్మకు మాత్రం ఎవరూ వినిపించవద్దు. అది నేను చేయవలసిన పని, ఇంకా ధైర్యం చాలడం లేదు.