సబ్‌జైల్లో గొంతెత్తిన ప్రార్థన

తొంభైల్లో గవర్నర్‌పేటలో ఒక సీనియర్ లాయరుగారి దగ్గర జూనియర్‌గా చేరాను. చేరిన కొత్తలోనే మా ఆఫీసుకి రాజ్యాంగం కేసొకటి తగిలింది. ఎప్పుడూ గట్టు తగాదాలు చూసుకునే మాకు అది ఇంటికి కలెక్టరు వచ్చినంత హడావుడి.

క్లయింటు ఉయ్యూరు వైపు రైతు. పొలంలోకి బండి దారి విషయంలో మాటామాటా పెరిగి, బావమరిది నెత్తిన చెరుకుగడ విరగ్గొట్టి రిమాండు మీద సబ్‌జైలుకి వెళ్లాడు. మహా భక్తిపరుడు. జైల్లోనూ రోజూ తెల్లవారుజామునే లేచి గొంతెత్తి ప్రార్థన చేసేవాడు. ఆ దెబ్బకి బ్యారక్ అంతా లేచి కూర్చునేది. ఖైదీలు మొత్తుకుంటే జైలరు అతన్ని పిలిచి, ఇక నోరు తెరవొద్దన్నాడు.

"దేవుడికి వినపడొద్దాండీ?" అన్నాడు మా క్లయింటు మాతో, కళ్లనీళ్లు పెట్టుకుని.

మా సీనియర్ గారికి హుషారొచ్చింది. "ప్రాథమిక హక్కుల్ని ఎవడూ జైలు గేటు దగ్గర వదిలేసి లోపలికెళ్లడోయ్! పెద్ద కోర్టులు ఎప్పుడో చెప్పాయి. తీర్పులు తియ్యి!" అన్నారు నాతో. ఆ లావుపాటి పుస్తకాలన్నీ ఒళ్లో పెట్టుకుని ఆటోలో కోర్టుకెళ్లాను. దిగేసరికి కాళ్లు తిమ్మిరెక్కాయి.

సీనియర్ గారు మతస్వేచ్ఛనిచ్చే ఇరవై అయిదో అధికరణం మీద అనర్గళంగా మాట్లాడారు. మేజిస్ట్రేటు గారు ఓపిగ్గా విని, "హక్కు ఉందండీ, కాదనను. గొడవంతా చప్పుడు గురించి. మరీ అంత గట్టిగా చేస్తాడా?" అని అడిగారు.

"లేదు యువర్ ఆనర్, మెల్లగా, తనలో తాను అనుకున్నట్టే ఉంటుంది," అన్నారు సీనియర్ గారు.

"ఏదీ, ఒకసారి చెయ్యమనండి."

మా క్లయింటు కళ్లు మూసుకుని, "ప్రభువా!" అన్నాడు. బెంచి క్లర్కు చేతిలో ఫైలు జారిపోయింది. పక్క కోర్టు నుంచి కానిస్టేబుల్ లాఠీతో పరుగెత్తుకొచ్చాడు. మావాడు ఆగలేదు. మేజిస్ట్రేటు గారిని దీవించమన్నాడు. జైలరుకి మంచి బుద్ధి ఇమ్మన్నాడు. చివర్లో, "ఇప్పుడే నా గొంతు గురించి అబద్ధమాడిన మా లాయరుగారిని క్షమించు తండ్రీ!" అన్నాడు.

నేను పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాను. మేజిస్ట్రేటు గారు చాలాసేపు మంచినీళ్లు తాగారు. తర్వాత ఆర్డరు చెప్పారు: ప్రార్థన అతని హక్కు, నిద్ర మిగతావాళ్ల హక్కు. బ్యారక్ తలుపులు తీశాక ఆవరణలో గొంతెత్తి చేసుకోవచ్చు. అంతకుముందైతే మనసులోనే.

గెలిచామని సీనియర్ గారు నాకు నేతి పెసరట్టు తినిపించారు.

వారం తర్వాత మా క్లయింటుని చూడ్డానికి జైలుకి వెళ్తే, అదే బ్యారక్‌లో ఉండే ముస్లిం టైలరొకాయన మమ్మల్ని ఆపాడు. "వకీల్‌సాబ్, ఈయన కేక వింటేనే నాకు తెల్లవారుజాము నమాజుకి మెలకువొచ్చేది. మీ ఆర్డరొచ్చాక నమాజు తప్పిపోతోంది. మరి నా హక్కు మాటేంటండీ?"

సీనియర్ గారు నావైపు తిరిగారు. నేను కల్పించుకుని, "ఆయన్నే తట్టి లేపమనకూడదా?" అన్నాను.

మా క్లయింటు తల దించుకున్నాడు. "అరవకూడదని తెలిశాక నాకూ మెలకువ రావట్లేదండీ."

పక్కనే ఉన్న జైలరు తల పట్టుకున్నాడు. చివరికి, రాత్రి డ్యూటీ సెంట్రీ వచ్చి కటకటాల మీద కర్రతో తట్టి ఇద్దర్నీ లేపేలా ఏర్పాటు చేశాడు. మర్నాటి నుంచి ఒకరు నమాజు, ఒకరు మౌనంగా ప్రార్థన, పక్కపక్కనే కానిచ్చారట. ఆ కర్ర చప్పుడుకి మిగతావాళ్ల నిద్ర ఏమైందో మేం అడగలేదు.