మెట్లెక్కిన పచ్చజెండా

ఆఫీసులో ఆమెను గంటమ్మ అనేవాళ్లు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లు నొక్కే ఆపద గంట ఉంటుందే, అది నొక్కగానే అవతలినుంచి మనిషి గొంతు పలికేలా చేసే సాఫ్ట్‌వేర్ ఆ కంపెనీది. అది సరిగ్గా పనిచేస్తోందో లేదో పరీక్షించడం ఆమె ఉద్యోగం. పొద్దస్తమానం గంటలు నొక్కే మనిషికి ఇంకేం పేరు పెడతారు!

మేనేజరు పేరు పచ్చజెండా. ఆయన ముందు అనరు లెండి. హాల్లో గోడకి పెద్ద తెర ఉంది. దాని మీద ఒక్కొక్కరికీ ఒక గడి; ఎవరి పని సాగుతుంటే వాళ్ల గడి పచ్చగా, ఆగిపోతే ఎర్రగా వెలగాలి. ఆయన వచ్చాక ఆ గోడ మీద ఎరుపు నిలిస్తే ఒట్టు. ఎవరైనా ఎర్రగా పెడితే స్వయంగా వచ్చి పచ్చగా మార్చి, "పాజిటివ్‌గా ఉండాలమ్మా" అనేసి వెళ్లేవాడు. పనులు ఎక్కడివక్కడే, గోడ మాత్రం కళకళ.

ఇంతలో గంటమ్మకి ఒక లోపం దొరికింది. రెండు లిఫ్టుల్లో ఒకేసారి గంట నొక్కితే ఒకదానికే జవాబొస్తోంది. రెండోదాంట్లో దీపం వెలుగుతుంది, "సాయం వస్తోంది" అని అక్షరాలూ పడతాయి, ఫోను మాత్రం ఎవరికీ పోదు. లోపలున్న మనిషి ఆ దీపాన్ని నమ్ముకుని కూర్చోవాల్సిందే.

"కరెంటు పోతే లిఫ్టులన్నీ ఒకేసారి ఆగుతాయి సార్. అందరూ ఒకేసారే నొక్కుతారు కదా."

"చిన్న లోపం. తర్వాత చూద్దాం. సోమవారం ఆసుపత్రి లిఫ్టుల్లో పెట్టేస్తున్నాం."

"ఆసుపత్రి కాబట్టే చెబుతున్నా."

"నువ్వు మరీ గుచ్చి గుచ్చి చూస్తావమ్మా! ఈ వారం టెస్టింగ్ పక్కనపెట్టు. ప్రారంభానికి బెలూన్ల సంగతి చూడు."

బెలూన్లు! ఇన్నేళ్ల అనుభవంతో గాలి ఊదమన్నాడు.

ఆ ఆసుపత్రికే ఆమె అత్తగారు మోకాళ్ల వైద్యానికి వెళ్తుంది. లిఫ్టు లేకుండా ఆరో అంతస్తు ఆవిడ తరం కాదు.

"సోమవారం నుంచి అక్కడ లిఫ్టు ఎక్కకండి అత్తయ్యా," అని ఆ సాయంత్రం విషయమంతా చెప్పింది.

అత్తగారు మోకాళ్లు రుద్దుకుంటూ విన్నది. "నాకు చెప్పావు, బాగానే ఉంది. అక్కడ నా పక్క కుర్చీలో కూర్చునే ఆవిడ ఉందే, ఆవిడకెవరు చెబుతారు? ఆవిడకి కోడలు కూడా లేదు."

ఆ మాట గంటమ్మకి ముల్లులా దిగింది.

ఇక్కడో తమాషా చెప్పాలి. ప్రయోగానికని ఆ గంటలు ముందుగా తమ ఆఫీసు లిఫ్టుల్లోనే పెట్టారు. లోపం సంగతి పొక్కగానే, ఎవరూ ఎవరికీ చెప్పకుండానే అందరూ మెట్లెక్కడం మొదలెట్టారు. ఐదు అంతస్తులు! పచ్చజెండా కూడా. "గుండెకి మంచిది," అనేవాడు రొప్పుతూ, చెమట తుడుచుకుంటూ.

శుక్రవారం ఆసుపత్రి ఇంజినీరు సంతకం పెట్టడానికి వచ్చింది. నెరిసిన జుట్టు, నింపాది మనిషి. అందరూ కిందికి దిగి ఎదురెళ్లారు. గంటమ్మ చేతిలో బెలూన్ల గుత్తి.

"మా గోడ చూద్దురుగాని రండి మేడమ్, ఒక్క ఎర్రచుక్క కనబడితే అడగండి!" అంటూ పచ్చజెండా ముందు నడిచాడు. లిఫ్టుల దాకా వచ్చారు. అంతే, గుంపుకి గుంపు అలవాటుగా పక్కకి తిరిగి మెట్లెక్కేసింది. అందరికన్నా ముందు ఆయనే! తమ గంటలు ఎంత నమ్మకమైనవో చేతులూపి చెబుతూ పది మెట్లు ఎక్కేశాక వెనక్కి చూశాడు. ఆవిడ ఒక్కతే లిఫ్టు ముందు నిలబడి ఉంది.

"ఏమండీ, లిఫ్టు పనిచెయ్యదా?"

"భేషుగ్గా పనిచేస్తుంది మేడమ్!"

"మరి మీరెవరూ ఎక్కరే?"

"అదీ... గుండెకి..."

నోరు తెరిస్తే గంటమ్మ ఉద్యోగం ఊడుతుంది. పక్క కుర్చీ ఆవిడ మొహం ఆమె ఎన్నడూ చూడలేదు, అయినా కళ్లముందే కూర్చున్నట్టుంది. బెలూన్లు పక్కనున్న ప్రోగ్రామరు చేతిలో కుక్కి గబగబా దిగింది.

"మేడమ్, మీరు ఆ లిఫ్టులో నిలబడండి, నేనిందులో. ఒకేసారి గంట నొక్కుదాం."

"అమ్మాయ్! ఆ సంగతి తర్వాత అనుకున్నాం కదా!" పైనుంచి కేక.

"నువ్వు కానీ అక్కా, తలుపులు మూసుకోకుండా నేను చూస్తా," అని ప్రోగ్రామరు బెలూన్లతో సహా రెండు లిఫ్టుల మధ్యలో అడ్డంగా నిలబడ్డాడు.

ఇద్దరూ నొక్కారు. గంటమ్మ లిఫ్టులో "చెప్పండి, వింటున్నాం" అని గొంతు పలికింది. ఇంజినీరు దాంట్లో దీపం వెలిగింది, "సాయం వస్తోంది" అని అక్షరాలు పడ్డాయి, అంతే. ఆవిడ ఆ అక్షరాలు చదివి మెట్ల వైపు తిరిగింది.

"వస్తున్న సాయం ఏ వీధి దాకా వచ్చిందో కాస్త కనుక్కోండి," అంది.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆపైన నవ్వులు మెట్ల పొడుగునా పాకాయి.

"సంతకం ఇవాళ కాదు. ఇది బాగయ్యాకే. అది చూపించడానికి ఈ అమ్మాయే రావాలి."

పైకెళ్లగానే ప్రోగ్రామరు తన గడిని ఎర్రగా మార్చాడు. పక్క అమ్మాయీ మార్చింది. ఆపైన కిందనుంచొకటి, పైనుంచొకటి! పచ్చజెండా ఒకటి సరిచేసేలోపు రెండు ఎర్రబడుతున్నాయి. చివరికి చేతులు జారవేసి కుర్చీలో కూలబడ్డాడు. ఆ రోజే మొదటిసారి ఎవరి పని ఎక్కడ ఆగిందో అందరికీ తెలిసింది. కుర్చీలు లాక్కుని గుంపులుగా కూర్చున్నారు. ఆ ఆఫీసులో తెలివికి ఎప్పుడూ కొదవలేదు. తెలిసింది నోరువిప్పి చెబితే బతకనిస్తారన్న భరోసాకే కొదవ. ఆ భరోసాని మింగేసింది పై కుర్చీలే, కింది కుర్చీలు కాదు.

గంట బాగైన రోజు రెండు లిఫ్టుల్లోనూ రెండు గొంతులు ఒకేసారి పలికాయి. ఇక చూడాలి సంబరం! పెద్దపెద్దవాళ్లు జాతరకొచ్చిన పిల్లల్లా ఊరికే పైకీ కిందకీ తిరిగారు. గంటమ్మ లిఫ్టులోంచే ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, మీ పక్క కుర్చీ ఆవిడకి చెప్పండి!"

"ఏమనే?"

"ఎక్కొచ్చని!"