అప్పన్న పట్టిన బిళ్ళ

ఆదివారం. ఉదయం నుంచి ముసురు. తడుస్తున్న కట్టెలను వరండాలోకి చేర్చి కూర్చున్నాను. మనవరాలు ఒక కథల పుస్తకం చదివి వినిపించింది. అందులో ఒక పిల్లవాడు కాలంలో వెనక్కి వెళ్ళి, అమెరికాలో నల్లవాళ్ళను తెల్లవాళ్ళతో కలిసి బేస్‌బాల్ ఆడనివ్వని రోజుల్లోకి చేరతాడు.

“తాతా, నువ్వయితే ఏ రోజుకెళ్తావు?” అంది.

కర్రాబిళ్ళ ఆడిన మిత్రులకు గుర్తుండే ఉంటుంది. బిళ్ళను గాలిలో పట్టినవాడిదే తర్వాతి కర్ర. అరవైల చివర, శృంగవరపుకోట దగ్గర మా ఊళ్ళో, కోతలయిన మడిలో ఆడేవాళ్ళం. మాలపేట నుంచి వచ్చే అప్పన్నను అందరికంటే దూరంగా నిలబెట్టేవాళ్ళం. బిళ్ళ దొరికితే అతను మా చేతికివ్వకూడదు. నేల మీద పెడితే మేం తీసుకుంటాం.

ఒకరోజు నేను కొట్టిన బిళ్ళను అప్పన్న ఎగిరి ఒంటిచేత్తో పట్టాడు. నవ్వుతూ పరుగెత్తుకొచ్చి, అలవాటుగా నా ముందు నేల మీద పెట్టాడు.

“నేల తగిలింది! ఔట్ కాదు!” అని అరిచాను.

“అదేటి బావూ! కింద ఎట్టమన్నది మీరే గదా?” అన్నాడు అప్పన్న.

“ఒరే, ఎదురు సెప్తన్నావేటి? పోయి నీ సోట నిలబడు,” అన్నాడు మా అన్న. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పన్న నా చేతిలోని కర్ర వైపు ఒకసారి చూసి, గట్టు దిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆటకు రాలేదు.

ఆ రోజుకే వెళ్తానని మనవరాలికి చెప్పాను.

“వెళ్ళి అతనికి కర్ర ఇచ్చేస్తావా?”

ఇస్తానని అనలేకపోయాను. అక్కడికి వెళ్తే నాకు మళ్ళీ పదేళ్ళే, చుట్టూ ఆ నవ్వులే.